పిండి అద్దని చేప

మా మామగారిది బేకరీ. నాకు గోధుమ పడదు. పెళ్లి కుదిర్చినవాళ్లు అన్నీ చూశారు గానీ నా పేగుల సంగతి అడగలేదు.

కడుపునొప్పి, నీరసం, మోచేతుల మీద దద్దుర్లు. పరీక్షలన్నీ అయ్యాక, గోధుమలో ఉండే గ్లూటెన్ ఒక్క నలుసు కూడా లోపలికి పోకూడదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఇంట్లో అందరూ శ్రద్ధగా విన్నారు. విని, "ఒక్క ముక్కకేం కాదులే" అన్నారు. వాళ్లకేం కాదు. మంచమెక్కేది నేను.

కింద బేకరీ, పైన ఇల్లు. మామగారు మెట్లెక్కి వస్తుంటే ఆయనకంటే ముందు పిండి వస్తుంది. తలుపు పిడి, ఫ్రిజ్, నీళ్ల సీసా, అన్నింటి మీదా ఆయన వేళ్లే. "నా చేతికి పిండెక్కడుందమ్మా" అని నిజాయితీగానే అడుగుతారు. అందుకే నల్లగుడ్డ కొని ముందూ వెనకా కప్పే ఏప్రన్ కుట్టుకున్నాను. వాదనకి సాక్ష్యం ఉండాలి కదా.

బేకరీకి ఆదివారం సెలవు. ఆ పూట అందరికీ వండి వడ్డించి, నేను మాత్రం విడిగా వండి పెట్టుకున్న నా డబ్బా తెరుచుకుని మూలన కూర్చునేదాన్ని, తప్పు చేసిన పిల్లలా. మొన్న ఆదివారం మా వదిన, అంటే మా ఆయన అక్క, భోజనానికి వస్తోందని తెలిసి ముందే చెప్పేశాను. ఈసారి నేను తినేదే అందరూ తింటారు. నేనూ బల్ల దగ్గరే కూర్చుంటాను.

పొద్దున్నే బజారుకెళ్లి ట్యూనా తెచ్చాను. ముదురెరుపు కండ, వేలితో నొక్కితే మళ్లీ పైకి లేస్తోంది. చేపలవాడు కొసరుగా తోక వైపు చిన్న ముక్క కూడా వేశాడు. సోయా సాస్ సీసా వెనక సన్నక్షరాల్లో గోధుమ ఉంటుంది, పొట్లాల మసాలాని నేను నమ్మను. కాబట్టి ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు, తురిమిన నిమ్మతొక్క, అంతే. రుచి చూసుకోవడానికని ముందుగా కొసరు ముక్కని తడి లేకుండా తుడిచి, నూనె రాసి, ఇవన్నీ పట్టించి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాను.

"పిండి అద్దకపోతే పెనానికి అంటుకుంటుందట. నాన్న అంటున్నారు," అన్నాడు మా ఆయన.

"అంటుకోనివ్వండి. బాగా కాలాక తనే వదులుతుంది. మీ నాన్నగారిలా కాదు."

పెద్ద ముక్కని తుడవడానికి దండెం మీది గుడ్డ తీసుకొచ్చేసరికి, మామగారు చొక్కా చేతులు మడిచి వంటింటి కత్తితో చేప కోస్తున్నారు. సాయమట. చేప కిందా పైనా తెల్లగా మంచు పట్టినట్టుంది. ఆయన జేబులో ఎప్పుడూ ఉండే, పిండి చల్లే చిల్లుల డబ్బా ఇప్పుడు నా పొయ్యి పక్కన ఉంది.

"బల్ల మీద ఏది పెట్టాలన్నా ముందు పిండి చల్లడం చేతి అలవాటమ్మా," అంటూ నా వీపు తట్టారు. "దులిపేస్తే పోతుంది."

అప్పుడే వచ్చిన వదిన గుమ్మంలోంచే అందుకుంది. "కడిగి వండెయ్ అమ్మాయ్. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, ఎన్నాళ్లీ వేషాలు?"

మా ఆయన ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు. "ఈ పూటకి నీ డబ్బా తెచ్చుకోరాదూ."

"తెచ్చుకుంటాను," అన్నాను.

ఫ్రిజ్‌లోంచి కొసరు ముక్క డబ్బా తీశాను. బీరువా మీద నగల్లా మూటగట్టి దాచుకున్న నా పెనం, నా కత్తి దించాను.

"మరి మాకు?" అన్నారు మామగారు.

"ఆ చేప మీది, పిండి మీది. రెండో పొయ్యి ఖాళీగానే ఉంది. పిండి కొద్దీ రొట్టె అన్నారు, చేపకి కూడా అంతేనేమో చూడండి."

నా పెనం పొగలు కక్కాక ముక్క వేసి, కదపకుండా నిలబడ్డాను. అడుగు ఎర్రబడగానే అదే వదిలింది. రెండో వైపు కూడా కాల్చి, లోపల ఎరుపు ఉండగానే దించి, పైన వెల్లుల్లి వేయించిన నూనె పోసి నిమ్మరసం పిండాను. పక్క పొయ్యి మీద పిండి నల్లగా మాడుతోంది. వదిన వాళ్ల నాన్న భుజం పట్టుకుని దగ్గుతోంది.

బల్ల దగ్గర మామగారి కుర్చీ తుడుచుకుని అందులో కూర్చున్నాను. అందరికంటే ముందు, వేడివేడిగా తినడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో నేను వండినదాన్ని వేడిగా తినడం అదే మొదలు.

"వాసన బాగుందే," అంది వదిన, దగ్గు మధ్యలో.

"నాకో ముక్క పెట్టమ్మా," అంటూ మామగారు నా పళ్లెం వైపు చెయ్యి చాపారు.

"చేతులు కడుక్కున్నారా?"

"శుభ్రంగానే ఉన్నాయిగా."

ఏప్రన్ విప్పి వీపు వైపు పైకి వచ్చేలా బల్ల అవతలి కొసన పరిచాను. నల్లగుడ్డ మీద తెల్లగా అయిదు వేళ్లు, అరచేతి గీతలతో సహా.

ఆయన వంగి ఆ అచ్చు చూశారు. చెయ్యి తిప్పి చూసుకున్నారు. తర్వాత పంపు దగ్గరికి నడిచారు.

"మోచేతుల దాకా, మామయ్యగారూ."

మా ఆయన కూడా ఆయన వెనకే లేచాడు.

"నేనేం పిండి ముట్టుకోలేదే," అంది వదిన.

"మీ నాన్నగారిని ముట్టుకున్నారుగా."

ముగ్గురూ వరసగా నిలబడి సబ్బు మార్చుకున్నారు. తుడుచుకుని వచ్చేసరికి ఆఖరి ముక్క నా నోట్లో ఉంది. తొందరపడకుండా నమిలి మింగాను.

"ఆకలైతే," అన్నాను, "కింద బోలెడు రొట్టె ఉంది."