మూత పట్టే డబ్బా

దగ్గు తెర ఆగేదాకా అతను ఉలిని చెక్కకు దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. ఆగాక మళ్లీ ఆనించాడు. లేత్ యంత్రం మీద గిర్రున తిరుగుతున్న పచ్చి చెక్కలోంచి తడి పొరలు లేచి గడ్డానికీ మోచేతులకీ అంటుకున్నాయి. ఇన్నేళ్లూ చెక్కపొడి మింగిన ఊపిరితిత్తులు ఇక పనికిరావని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు.

పచ్చి చెక్క ఆరుతూ వంకరపోతుందనీ, ఎండిన చెక్కే పట్టాలనీ గురువు నేర్పాడు. ఇతను పచ్చిదే పట్టాడు. వెనక బల్బు పెడితే వెలుతురు కనబడేంత పల్చగా గిన్నె తీసి, దాని ఇష్టానికి దాన్ని వంగనిచ్చేవాడు. మొదటి గిన్నె బల్ల మీద ఊగుతుంటే అప్పట్లో పనిచేస్తున్న ఫర్నిచర్ కొట్టు యజమాని పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, సాయంత్రానికి పనిలోంచి తీసేశాడు. ‘వంకరాయన’ అన్న పేరు అప్పటిదే. ఇప్పుడా గిన్నెలు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. ఆ పని చూసి నేర్చుకోవాలని ఎక్కడెక్కడి పనివాళ్లో వస్తారు. వాళ్లూ వంకరాయనగారనే అంటారు.

ఇంట్లో ఆ ఘనత చెల్లలేదు. “లోకానికంతా వంకర గిన్నెలు చేశారు. నాకు మూత పట్టే డబ్బా ఒక్కటి చేసి చావరేం?” అని భార్య ఎప్పటినుంచో సాధిస్తోంది. ఎండిన చెక్కతో అయితే ఒక్క పూట పని. అలా చెయ్యడానికి అతనికి మనసొప్పలేదు. పచ్చి చెక్కతో చేసినవాటికేమో మూతలు వదులైపోయేవి. ఈసారి డబ్బానీ మూతనీ ఒకే దుంగలోంచి, చారకు చార కలిసేలా తీశాడు. రెండూ కలిసి వంగితే మూత పట్టాలి. పోయేలోగా ఇదొక్కటి కుదరాలని అతని ఆరాటం.

మధ్యాహ్నానికి పని అయింది. మూత పెట్టి డబ్బాని షెడ్డు కిటికీలో ఉంచాడు.

“ఏమే, నా పెన్సిలు చూశావా?”

“చెవి మీద చూసుకోండి,” అంది భార్య లోపలికి వస్తూ.

“లేదే.”

“అయితే నోట్లో చూసుకోండి.”

నవ్వబోయి దగ్గాడు. “డబ్బా ఆరేదాకా మూత తియ్యకు.”

“ఎన్నాళ్లు?”

“వానలు వెళ్లేదాకా.”

అప్పటికి అతను ఉండడని ఇద్దరికీ తెలుసు. ఆమె టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. షెడ్డులోంచి దగ్గు వినబడలేదు. ఇవాళ కాస్త నయమేనని ఆమె ప్రాణం కుదుటపడింది. ఆ సంతోషంలో కాస్త ఎక్కువే చక్కెర వేసింది. తీసుకెళ్లేసరికి అతను స్టూలు మీద, గోడకు తల ఆనించి ఉన్నాడు. కప్పు అందించబోతే అతని చెయ్యి లేవలేదు.

వానలు వెళ్లాక మూత తియ్యబోయింది. రాలేదు. కూతురు చాకు తెచ్చింది గానీ, మొన పెట్టడానికి సందు లేదు.

“కొట్టి తీద్దామా అమ్మా?”

“చెయ్యి విరగ్గొడతాను. మూత పట్టాలన్నాను గానీ, తెరుచుకోవాలని చెప్పలేదుగా మీ నాన్నకి!”

అని నవ్వి, ఆ మాట చెప్పుకోవడానికి అతను లేడని గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని డబ్బా ఎత్తితే లోపలేదో దొర్లింది. లోపలి కొలత గుర్తుపెట్టి, అక్కడే మరిచిపోయినట్టున్నాడు.

వంకరగా ఒరిగిన డబ్బా మళ్లీ కిటికీలోకి చేరింది, అతని పెన్సిలుతో సహా.