రొట్టె మీద స్నేహసంఖ్య

మొరాకోలోని ఫెజ్ పాత ఊళ్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి రిటైరైన తుహామీ మాస్టారికి ఎదురింటి ఖెనాతా అంటే ఇష్టం. ఆవిడా ఆడపిల్లల బడిలో లెక్కలే చెప్పింది. భర్త పోయి చాలాకాలమైంది. ఆ ఇష్టం నోరు తెరిచి చెప్పబోతే మాత్రం మాస్టారి మాట ఎండల మీదికో ధరల మీదికో మళ్లిపోయేది.

చివరికి ఆయనకు స్నేహసంఖ్యలు గుర్తొచ్చాయి. అవి జంటగా ఉంటాయి. ఒకదాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలన్నిటినీ, దాన్ని మాత్రం వదిలేసి కూడితే రెండోది వస్తుంది. రెండోదాన్ని అలాగే చేస్తే మొదటిది. ఒకటి తాను తిని, రెండోది కోరుకున్న మనిషికి తినిపిస్తే మనసులు కలుస్తాయని పాతకాలం వాళ్ల నమ్మకం. అందరికీ తెలిసిన జంట 220, 284. లెక్కల టీచరుకు అంత చిన్నవి పంపడం నామోషీ అనిపించి, 17296, 18416 ఎంచుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే రెండు పిండి ముద్దలతో వీధివాళ్లంతా రొట్టెలు కాల్పించుకునే పొయ్యి దగ్గరికి వెళ్లి, మేకుతో మొదటిదాని మీద అంకెలు గీశాడు.

పొయ్యి చూసుకునే అల్లాల్ తొంగిచూసి, "ఫోన్ నంబరా ఉస్తాద్? కొన్ని అంకెలు తగ్గాయే" అన్నాడు.

"నీ మంట నువ్వు చూసుకోవయ్యా."

రెండోదాని మీద గీస్తుండగా వెనక నుంచి, "తుహామీ గారూ, పిండి కూడా మీరే కలుపుకుంటున్నారా?" అని ఖెనాతా గొంతు వినిపించింది. ఆయన చూపు అంకెల మీద నుంచి ఆవిడ వైపు తిరిగింది. ఎలాగో మిగతా అంకెలు గీసేసి, ఆవిడ వెళ్లాక, కాలిన ఆ రొట్టె ఆవిడకు ఇచ్చిరమ్మని అల్లాల్‌ని బతిమాలాడు.

ఇంటికొచ్చి తన రొట్టె ముక్క మిగలకుండా తిని, కిటికీ దగ్గర కూర్చున్నాడు. సాయంత్రానికి ఖెనాతా రొట్టె చంకన పెట్టుకుని తలుపు తట్టింది. మొహం ఎర్రగా ఉంది.

"నేను మిమ్మల్ని ఏమన్నా అన్నానా?"

"లేదే, లల్లా," అన్నాడు, మేడం అన్నంత మర్యాదగా.

"మరి ఇదేంటి? పొయ్యి మీద కుస్కుస్ అడుగంటుతున్నా లేవకుండా దీన్నే భాగిస్తూ కూర్చున్నాను. ఏడుతో పోదు, పదమూడుతో పోదు. నూట ముప్పై ఒకటి దాకా చూశాను, దేంతోనూ పోదు. ప్రధాన సంఖ్య. నేను ఎవరితోనూ కలవని మనిషినని రొట్టె మీద రాసి పంపాలా?"

మాస్టారు రొట్టె అందుకుని చూశాడు. 18461. చివరి రెండంకెలు తారుమారయ్యాయి. ఇలాంటి తప్పుకే ఆయన పిల్లల్ని గంటసేపు నిలబెట్టేవాడు.

"అరవై ఒకటి కాదు లల్లా, పదహారు," అన్నాడు నీరసంగా.

ఆవిడ గుమ్మంలోనే పెదాలు కదుపుతూ లెక్క కట్టింది. "పదహారు ఇంటూ పదకొండు వందల యాభై ఒకటి... భాజకాలు కూడితే పదిహేడు వేల రెండు వందల..." ఆగిపోయింది. "దీని జంట ఏది?"

"తినేశాను."

"మొత్తమా?"

"మొత్తం. కాస్త నూనె కూడా లేకుండా."

ఖెనాతా నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. "నోటితో అడిగుంటే పోయేది కదండీ."

"కాదంటారేమోనని."

"ఇప్పుడు అడగండి, వింటాను."

మొదటిసారి ఆవిడ పేరు దగ్గరే ఆగిపోయాడు. రెండోసారి మొత్తం అడిగాడు. మెక్నెస్‌లో ఉన్న మా అన్నయ్యతో మాట్లాడండి, అంది ఆవిడ. ఆ అన్నయ్య ఆలివ్ కాయల వ్యాపారి. సంబంధం ఎలా కుదిరిందని ఆయన అడిగితే, ఖెనాతా ఓపిగ్గా భాజకాల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. సగం కాకముందే అన్నయ్య చెయ్యెత్తి, నిఖాకు ఏ రోజు బాగుంటుందో చెప్పమన్నాడు.