వెనక బీము లేని బండి

ఆనందం బండి మీద నుంచి పడలేదు. అటక మీది తువ్వాళ్ల మూట దించబోతూ స్టూలు మీద నుంచి జారి పడ్డాడు. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. చెయ్యి మెడకు వేలాడదీసిన పట్టీలో ఉంది. కోరుట్లలో వాళ్ల ఇంటి ముందు మోటారుసైకిలు మాత్రం ఏ దెబ్బా తగలకుండా దుమ్ము పట్టి నిలబడి ఉంది.

ఆ బండి మీదే ఆనందం వారం వారం మల్యాల అంగడికి పోయేవాడు. తువ్వాళ్లు, లుంగీలు, భార్య కళావతి ఇంట్లో మిషను మీద కుట్టిన లంగాలు, నైటీలు రెండు మూటలుగా కట్టుకుని పోయేవాడు. అక్కడ వాళ్ల జాగ ఆనందం తండ్రి కాలం నాటిది. మిర్చి బజ్జీల బండికి ఎదురుగా, మేకల అంగడికి పోయే దారి మొదట్లో ఉంటుంది. అటు పోయేవాళ్లూ ఇటు వచ్చేవాళ్లూ అక్కడ ఆగక తప్పదు.

అంగట్లో జాగలకు కాగితాలుండవు. ఒక వారం రాకపోతే పక్కవాళ్లు ఖాళీగా ఉంచుతారు. రెండో వారం కూడా ఎలాగో ఆపుతారు. మూడో వారం కూడా రాకపోతే, పాపం మానుకున్నట్టున్నారు అనుకుని ఎవరో ఒకరు తమ టార్పాలిన్ పట్టా పరిచేస్తారు. ఆ తర్వాత వెళ్లి నా జాగ అని అడగడం మర్యాద కాదు. ఆనందం అప్పటికే రెండు అంగళ్లు తప్పాడు.

"ఆటో మాట్లాడితె అమ్మిన పైసలు ఆటోకే పోతయ్," అన్నాడు ఆనందం. "బస్సులల్ల నిలవడనీకె జాగ లేదు, మూటలేడ పెడ్తరు. పోనియ్. ఇంకో అంగడి సూసుకుందాం."

ఆ మాట అన్నాక అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మిషను ముందు కూర్చున్న కళావతి దారం తెంపి, "నేను నడుపుత," అంది.

ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అత్త శంకరవ్వ తలెత్తింది. "ఏంది నడిపేది?"

"బండి."

"నీకు బండొచ్చునని ఎరుకనే. గని గది ఎప్పటి ముచ్చట పిల్లా. గప్పుడు నువ్వు ఊదుబత్తి లెక్క ఉంటివి."

శంకరవ్వ ఆ మాట ఎత్తిపొడవడానికి అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. కళావతికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. తండ్రి మార్కండేయులు సాంచాలు బాగుచేసేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. కళావతి పదో తరగతి అయిన ఏడాది సాంచాలో పడి ఆయన కుడిచేతి వేళ్లు నలిగాయి. పాన పట్టడానికి ఎడమ చెయ్యి అలవాటయింది కానీ బండి నడపడానికి కుడి చెయ్యి కావాలి. కొడుకులు లేరు. బిడ్డకే నేర్పాడు. షెడ్డు నుంచి షెడ్డుకు ముందు కళావతి, వెనక తండ్రి తిరిగేవాళ్లు. ఆయన లేనప్పుడు బీము ఉండేది. బీమంటే పడుగు నూలు చుట్టే పొడవాటి ఇనుప గొట్టం. దాన్ని సీటు మీద అడ్డంగా వేసి తాళ్లతో కట్టేవాళ్లు. రెండు పక్కలా రెక్కల్లా బయటికి వచ్చేది. చున్నీ నడుముకు బిగించి బీము మోసుకుపోతున్న ఆ పిల్లను చూసి సిరిసిల్ల సందులన్నీ దారిచ్చేవి.

పెళ్లయి కోరుట్లకు వచ్చాక బండి అవసరం పడలేదు. ఇద్దరు పిల్లలు పుట్టారు, థైరాయిడ్ వచ్చింది, రోజంతా మిషను ముందు కూర్చునే పని. ఒళ్లు కొద్దికొద్దిగా వచ్చి చేరింది. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ముందు దాని కాళ్లు చూసుకుంటుంది. ఆటో ఎక్కబోతే డ్రైవరు, "అమ్మా, మీరు నడుమల కూసోండ్రి," అంటాడు. పెళ్లిళ్లలో ఫోటోకు పిలిస్తే వెనక వరుసలో నిలబడుతుంది. ఎవరూ ఆమెను ఏమీ అనరు. అనకుండా సర్దుకుని కొంచెం పక్కకు జరుగుతారు.

మర్నాడు తెల్లవారగానే ఆమె పంజాబీ డ్రెస్సు వేసుకుని బండి బయటికి తీసింది. ఆనందం గడపలో నిలబడి చూస్తున్నాడు. కాలు అటు వేయడానికి కాస్త ఇబ్బంది పడింది కానీ కూర్చున్నాక చేతులు వాటంతటవే క్లచ్చునీ బ్రేకునీ వెతుక్కున్నాయి. గేరు పడింది. బండి కదిలింది. సందు చివరిదాకా నేరుగా పోయింది. అక్కడ ఎడమకు తిరగాలి.

తిరగబోయి ఆమె బండితో సహా కుడివైపు మోరీ కాలువలో పడింది.

పాల ప్యాకెట్ల కోసం వచ్చినవాళ్లు పరుగెత్తుకొచ్చి లేపారు. పెద్దగా దెబ్బ తగలలేదు. మోకాలు గీరుకుంది. బండి అద్దం ఒకటి పగిలింది. ఇంటికి తిరిగి వస్తుంటే వెనక ఎవరో మెల్లగా అన్న మాట చెవిన పడింది.

"పాపం, బరువుకు ఆపలేకపోయింది."

ఆ రోజంతా కళావతి మిషను కుట్టింది, వంట చేసింది. సాయంత్రం శంకరవ్వ ఉప్పు వేయించి మూటకట్టి మోకాలికి కాపడం పెట్టింది. పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చేతులు జోడించింది.

"అమ్మా సమ్మక్క తల్లీ, ఇది ఒక్కపారి మల్యాలకు పోయి సల్లగ ఇల్లు చేరితె దీని ఎత్తు బంగారం పెడ్త తల్లీ."

కళావతి కాలు లాక్కుంది. సమ్మక్కకు బంగారమంటే బెల్లం. మొక్కుకున్న మనిషిని బెల్లం దుకాణం కాంటాలో ఒకవైపు కూర్చోబెట్టి, ఇంకోవైపు ఆ మనిషికి సరితూగేంత బెల్లం పేరుస్తారు. జాతర దగ్గరపడుతున్న రోజులు. దుకాణం ముందు ఎప్పుడు చూసినా జనమే. ఇన్నేళ్లలో ఇంట్లో అందరూ తూగారు. తన వంతు వచ్చేసరికి కళావతి ఏదో పని పెట్టుకుని తప్పించుకునేది.

"అత్తా, మొక్కుకునేతందుకు నీకు ఇంకేం దొరకలేదా?"

"ఏమైంది?"

"బజారుల అందరి ముందల నన్ను కాంటల కూసోవెడ్తవా?"

"తల్లికి మొక్కిన మాట వాపసు తీసుకుంటరా," అంది శంకరవ్వ, కాలు మళ్లీ దగ్గరికి లాక్కుంటూ. "నువ్వు పోకుంటె తూగుడే లేదాయె. పోతె తూగాలె. గంతే."

పోవడానికి ఇప్పటిదాకా ఒక భయమే ఉంది. ఇప్పుడు రెండయ్యాయి.

ఇంకో రోజు గడిచింది. బండి దగ్గరికి పోలేదు. ఎల్లుండి అంగడి. అంట్లు తోముకుని పెరట్లో కూర్చుని తండ్రికి ఫోను చేసింది. ఆయన అల్లుడి చెయ్యి ఎలా ఉందో అడిగాడు.

"బండి తీసినవటగదా. అల్లుడు చెప్పిండు."

"తీసిన బాపూ. పడ్డ."

"ఏడ?"

"మా సందు మూలమలుపుల. మోరిల."

"ఏ దిక్కు మలుపుతున్నవ్?"

"ఎడమకు."

"మోరి ఏ దిక్కున్నది?"

"కుడి దిక్కు."

మార్కండేయులు చిన్నగా దగ్గాడు. "ఎడమకు మలుపుకుంట కుడి దిక్కు ఎట్ల పడ్డవే?"

"బరువు బాపూ. నాతోని ఆగలే."

"బరువైతె మలిపిన దిక్కే ఒరుగుతది బిడ్డా. నువ్వు కుడికి ఎందుకు పోయినవ్, గది చెప్పు."

కళావతి కళ్లు మూసుకుని ఆ మలుపు గుర్తు చేసుకుంది. సందు చివర గోడ వచ్చింది. ఎడమ పక్క గోడ మూలను చూడగానే బండిని వీలైనంత కుడికి తీసింది. గోడకు దూరంగా, ఇంకా దూరంగా పోయాక అప్పుడు తిప్పింది. ఎందుకు దూరంగా తీసిందో ఆ క్షణాన ఆలోచించనే లేదు. చేతులు చేసిన పని అది.

"గోడకు తాకుతదని దూరం తీసిన," అంది నెమ్మదిగా.

"ఏం తాకుతది?"

ఆమెకు జవాబు తట్టింది. ఆమె అనేలోపే అటువైపు తండ్రి అన్నాడు.

"వెనక బీము లేదు బిడ్డా."

ఆయన నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతో కలిసి.

"దూరం తియ్యి, దూరం తియ్యి అని నీకు నూరిపోసింది నేనే గద," అన్నాడు మార్కండేయులు. "ఖాళీ బండి నువ్వెప్పుడు నడిపినవని? నేనన్న ఉంటి, బీమన్న ఉండె. నీకు ఖాళీ బండే రాదు. మూటలు కట్టి నడుపు. ఇంగో మాట. అల్లుడు సన్నపు మనిషి. వెనక స్ప్రింగులు ఆయనకు తగ్గట్టు మెత్తగుంటయ్. జర బిగించుమను. గాలి కూడ కొట్టియ్యి."

మర్నాడు ఆనందం ఎడమచేత్తో పాన పట్టుకుని చూపిస్తుంటే కళావతే స్ప్రింగులు బిగించింది. మూటలు కట్టాక ఇంకో చిక్కు తెలిసింది. వెనక అంత ఎత్తు ఉంటే ఆమె కాలు అటు వేయలేదు. అందుకని ముందు ఆమె ఎక్కి కూర్చుంది. తర్వాత శంకరవ్వ, ఆనందం కలిసి మూటలెత్తి తాళ్లు బిగించారు.

"పిల్లకు జీను కట్టినట్టున్నది," అంది శంకరవ్వ.

"నాకు గాదత్తా, బండికి."

మూటల బరువు వెన్నుకు ఆనగానే కళావతి భుజాలు కిందికి దిగాయి. సందు చివర గోడ వచ్చింది. చేతులు మళ్లీ దూరం తీయబోయాయి. బీము లేదు, అని పైకే అనుకుంది. మూటల అంచు గోడకు జానెడు దూరంలో ఒరుసుకోకుండా తిరిగింది.

అంగడి రోజు పొద్దున్నే బయలుదేరింది. జగిత్యాల దాకా లారీలు, ట్రాక్టర్లు పక్కనుంచి పోతుంటే నిదానంగానే నడిపింది. జగిత్యాల కొత్త బస్టాండు దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు పక్క స్కూటీ మీది ఇద్దరు ఆడపిల్లలు ఆమెనూ మూటలనూ చూసి ఏదో గుసగుసలాడారు. ఆమె మిగిలిన అద్దం సర్దుకుంది. పచ్చలైటు పడ్డాక వాళ్లకంటే ముందే కదిలింది. మల్యాల దారి ఎక్కేసరికి నడుము నొప్పి పెట్టింది. చెంపలకు చల్లగాలి తగులుతుంటే, ఈ గాలి ఇన్నేళ్లూ ఇక్కడే ఉంది కదా అనుకుంది.

అంగట్లో వాళ్ల జాగలో సగం దాకా భూమయ్య పట్టా పరిచి ఉంది. పక్కన స్టీలు గిన్నెలు అమ్ముకునే మనిషి. చెడ్డవాడేం కాదు. మూడో అంగడి కనుక పరిచాడు. బండి చప్పుడుకు తలెత్తి చూశాడు.

"వదినె, అన్న రాలే?"

"నేనచ్చిన."

"బండి మీదనా?" భూమయ్య టైర్ల వంక చూశాడు. "టైర్లు మంచియేనా వదినె?"

చుట్టూ ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"మంచియే. కోరుట్లకెల్లి గాలి గూడ దిగలే. నువ్వు జర లేచి మూటలు దించు భూమయ్యా. ఇయి దించందే నాకు దిగరాదు."

ఆమె నిజంగానే దిగలేదు. వెనక మూటలున్నంతసేపు కాలు ఇవతలికి రాదు. మధ్య దారిలో బండి నిలబడితే మేకలవాళ్లు పోవడానికి సందు లేదు. వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. భూమయ్య లేచి తాడు విప్పి, పెద్ద మూట భుజానికెత్తుకున్నాడు. ఎత్తుకుని అటూ ఇటూ చూశాడు.

"ఏడ దించాలె?"

"మా జాగల," అంది కళావతి.

ఆ జాగలో అతని గిన్నెలున్నాయి. మూట బరువుకు అతని మెడ వంగుతోంది. ఒక్క క్షణం అలాగే నిలబడి, కాలితోనే తన పట్టా ఇవతలికి గుంజుకున్నాడు. గిన్నెలు గలగలమన్నాయి. మూట నేల మీద పెట్టి నడుం పట్టుకుని, "ఏం బరువున్నదే వదినె," అన్నాడు.

"మూట సంగతేనా?"

"మూట సంగతే," అన్నాడు భూమయ్య కంగారుగా. ఈసారి కళావతి కూడా నవ్వింది. మధ్యాహ్నం అతను తన సర్వపిండిలో సగం తుంచి ఆమెకు పెట్టాడు. వచ్చేవారానికి అన్న చెయ్యి బాగైతదా అని అడిగాడు. బాగైనా నేనే వస్తానంది.

పొద్దుగూకకముందే ఇల్లు చేరింది. శంకరవ్వ గడపలో నిలబడి ఉంది. చెంబుతో నీళ్లిచ్చి, "రేపు రామస్వామి దుకాణానికి పోవాలె," అంది.

కళావతి నీళ్లు తాగి, "పోదాం," అంది.

రామస్వామి బెల్లం దుకాణం ముందు జనం నిండుగా ఉన్నారు. చిన్నపిల్లలను తూచేటప్పుడు అందరూ ముచ్చటగా చూశారు. కళావతి కాంటాలో కూర్చోగానే మాటలు తగ్గాయి. అటువైపు తట్టలో బెల్లం ముద్దలు పడుతున్నాయి. తట్ట కదలడం లేదు. ఆమె కాంటా ముల్లు వంక చూడకుండా ఎదురుగా పార్కు చేసిన తన బండి వంక చూస్తూ కూర్చుంది. నిన్న తనను ఇదే మోసింది, మూటలతో సహా. అది ఏమీ అనుకున్నట్టు లేదు.

"ఇంకోటి పెట్టు," అంది శంకరవ్వ గట్టిగా, తన సొమ్ము పంచుతున్నంత దర్జాగా. "పెట్టు పెట్టు. తల్లికి తక్కువ చేస్తరా?"

చివరికి ఆమె కూర్చున్న తట్ట లేచింది. రామస్వామి బెల్లాన్ని రెండు గోనె సంచుల్లోకి ఎత్తించాడు. "ఆటో పిలవాల్నా అమ్మా?"

"ఒద్దు," అంది కళావతి. వెళ్లి బండి ఎక్కి కూర్చుని, "ఇగ కట్టుండ్రి," అంది.

రామస్వామి ఆమె వంకా సంచుల వంకా చూశాడు. ఏదో లెక్క వేసుకుని, అది పైకి అనకుండా తాడు తెచ్చాడు. ఆమె బరువంత బెల్లం ఆమె వెనక ఎక్కింది. బండి కాస్త కుంగి, సర్దుకుని, నిలబడింది.

శంకరవ్వ నడిచి వస్తానంది. కళావతి బజారు దాటి సందులోకి తిరిగింది. మూలమలుపు దగ్గర పాల ప్యాకెట్ల దుకాణం ముందు ఆ రోజు లేపినవాళ్లలో ఒకరిద్దరు ఉన్నారు. ఆమె మోరీ వైపు పోలేదు, గోడకూ తాకలేదు.

ఇంటి ముందు ఆపి హారను కొట్టింది. ఆనందం ఒంటిచేత్తో విప్పలేడు. శంకరవ్వ ఇంకా బజారు దగ్గరే ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి సంచులు దించేదాకా దిగడానికి లేదు. కళావతికి తొందరేమీ అనిపించలేదు. రెండు కాళ్లూ నేలకు ఆనించి, ఎండలో, బండి మీద అలాగే కూర్చుంది.