హైమావతి గారి బెంచీ

బెంచీ ఇంట్లోకొచ్చిన మర్నాడు, సోమవారం ఉదయానికి, హాలు పన్నెండు అడుగుల రెండంగుళాలు పెరిగి ఉంటుంది. హైమావతి కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి ఈ గోడ నుంచి ఆ గోడకి రెండుసార్లు కొలుస్తుంది. రెండంగుళాలు గుమ్మం వైపు పెరిగాయి, పన్నెండడుగులూ దేవుడి గది వైపు. ఇందులో ఆమెకి వింతేమీ కనిపించదు. కర్టెన్లకని తెచ్చిన గుడ్డ ఇక చాలదన్నదే దిగులు.

"హాలు పెరిగిందండీ," అంటుంది మొగుడితో.

భీమశంకరం కాకినాడ పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పేపరు మడిచి అటూ ఇటూ చూస్తాడు. "బెంచీకి ఆ మాత్రం చోటు అలవాటేమోలే," అని మళ్ళీ పేపరు విప్పుకుంటాడు. పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయనకి ఏ విషయమూ ఇంతకన్నా పెద్దగా తోచిన పాపాన పోలేదు.

హైమావతికి తోచేవి చాలా ఉన్నాయి. పన్నెండేళ్ళ కిందట ఒక పెళ్ళి భోజనాల్లో, పప్పుకీ పులుసుకీ మధ్య, ఆడపడుచు సత్యవాణి పదిమందీ వినేలా ఒక మాట అంది. "మా అన్నయ్య ఇల్లు వెయిటింగ్ రూములా ఉంటుంది. కూర్చున్న దగ్గర్నుంచీ ఎప్పుడు లేచిపోదామా అనే ఉంటుంది." పదిమందీ నవ్వారు. ఆ పదిమందిలో ఒక్కరికీ గోడకి మేకు తిన్నగా కొట్టడం చేతకాదని హైమావతికి తెలుసు. సత్యవాణి ఇంట్లో సోఫాకి కొట్లో తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ తియ్యలేదనీ తెలుసు. అయినా తల కొట్టేసినట్టయింది. ఆ మాట హైమావతి కడుపులో ఇప్పటికీ అరగలేదు.

అప్పట్నుంచి ఇంటి అలంకారం ఆరుసార్లు మార్చింది. ఇది ఏడోసారి. గురువారం సత్యవాణి వస్తోంది.

కొత్త సామాను కొనేవాళ్ళంటే హైమావతికి పరమ చులకన. కొట్లో ఉన్నదాన్ని ఉన్నట్టు ఇంటికి తెచ్చుకోవడానికి మనిషెందుకు, ఆటో చాలు అంటుంది. ఆమె పాత చీరల బొంతలు కోసి కుషన్లకి గలీబులు కుట్టింది, సీసాలకి పురికొస చుట్టి పూలకుండీలు చేసింది, ఊలుతో పూలు అల్లి గుమ్మానికి దండ కట్టింది. మిగతా సామానంతా రైలు గేటు పక్కనున్న మస్తాను పాత సామాన్ల కొట్టులోదే. అక్కడికెళ్ళి ప్రతి చెక్కనీ వేలి కణుపుతో తట్టి చూస్తుంది. బోలు చప్పుడొస్తే "టేకు కాదు" అని మస్తాను మొహం మీదే చెప్పి పక్కకి జరుగుతుంది.

ఈ బెంచీని తట్టినప్పుడు మాత్రం చెక్క ఖంగుమంది. దాని వీపు మీద నీలం రంగు గుండ్రటి అక్షరాలతో "కీ.శే. కొప్పిశెట్టి వీర్రాజు గారి జ్ఞాపకార్థం" అని రాసి ఉంది.

"పాత బస్టాపు పడగొట్టినప్పుడు వచ్చిందమ్మా," అన్నాడు మస్తాను. "పేరు మటుకు ఉంచెయ్యండి. గీకేస్తే ఆ మనిషి కూర్చోడానికి చోటు లేక తిరుగుతాడు."

పాత సామాన్లు అమ్ముకునేవాడి సలహాని చెవిన పెట్టే అలవాటు హైమావతికి లేదు.

పేర్ల సంగతి ఆమెకి ఒకరు చెప్పాలా. ఈ ఇంట్లో ప్రతి వస్తువు మీదా ఎవరిదో ఒకరి పేరుంది. స్టీలు గిన్నెల మీద అత్తగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. గోడ గడియారం మీద భీమశంకరం పేరు, పదవీ విరమణ తేదీతో సహా. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె మీదైనా తన పేరుందా అంటే, అదీ ఇచ్చిన మేనమామ పేరే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తోమి, తుడిచి, సర్దిన ఇంట్లో హైమావతి పేరు ఒక్క చెంచా మీద కూడా లేదు. ఈ బాధ ఎవరికీ చెప్పుకోదు. చెప్తే ఇదీ ఒక బాధేనా అంటారు, అనేవాళ్ళ మొహాలు కూడా ఆమె ముందే ఊహించుకుని అసహ్యించుకుని ఉంచుకుంది.

సోమవారం మధ్యాహ్నం ఉప్పు కాగితం తీసుకుని బెంచీ ముందు కూర్చుంటుంది. "కీ.శే." పోతుంది, ఇంటిపేరు పోతుంది, వీర్రాజు పోతాడు. "గారి జ్ఞాపకార్థం" దగ్గర చెయ్యి ఆగుతుంది. ఆ అక్షరాల గుండ్రదనం ఇప్పటివాళ్ళకి చచ్చినా రాదు. పైగా అందులో "గారి" ఉంది. ఈ ఇంట్లో తనని గారూ అన్నవాళ్ళు గ్యాసు బండ తెచ్చేవాళ్ళతో సహా ఎవరూ లేరు. ఆ రెండు మాటలూ ఉంచేస్తుంది.

గుమ్మంలో తెల్ల పంచె కట్టుకున్న పెద్దమనిషి గొడుగుతో నిలబడి ఉంటాడు.

"ఆయ్, నా పేరు కొప్పిశెట్టి వీర్రాజండి. ఈ బెంచీ మీద ఉండేవోణ్ణి. ఇప్పుడు గీకేశారు కదండి. ఎక్కడ కూకోమంటారు?"

"వంటింట్లో స్టూలుంది," అంటుంది హైమావతి. "కాళ్ళు తుడుచుకు రండి. ఆ కాళ్ళ పట్టా చేత్తో కుట్టింది."

"నా కాళ్ళకి దుమ్మంటదండి. పోయి ఇరవయ్యేళ్ళయ్యింది."

"అయినా తుడుచుకోండి."

ఆయన ఒద్దికగా తుడుచుకుని లోపలికెళ్తాడు. బెంచీ బావుందిగానీ మనిషి మాత్రం నాసిరకం అనుకుంటుంది హైమావతి.

మంగళవారం ఆమె బీరువాలోంచి భీమశంకరం పాత ఛాతీ ఎక్స్‌రే తీసి, పక్కటెముకల మధ్య తన పేరు అక్షరాలు కత్తిరిస్తుంది. దాన్ని చెక్కకి ఆనించి నీలం రంగు అద్దుతుంది. తీసి చూస్తే "గంటి హైమావతి గారి జ్ఞాపకార్థం" అని ఉంటుంది. అప్పటికి హాలు ఎనభై అడుగులై, నడిమధ్యలో ఇంకో ఫ్యాను దానంతటదే మొలిచి ఉంటుంది.

"బతికున్న మనిషికి జ్ఞాపకార్థం ఏంటి హైమా?" అంటాడు భీమశంకరం.

"అది పాతకాలం అందం. మీకు తెలీదు లెండి."

వంటింట్లోంచి వీర్రాజు గొంతు వినిపిస్తుంది. "అమ్మా, ఆ మాటకి ముందు ఎవరి పేరుంటే బెంచీ ఆళ్ళనే పోయినోళ్ళ కింద జమకడతాదండి. దానికి అందాలూ గిందాలూ తెలవ్వు."

"బస్టాపులో పడున్న చెక్కకి ఏం తెలుస్తుంది," అంటుంది హైమావతి. ఆమెని ఇబ్బంది పెట్టేది ఒక్కటే. "కీ.శే." గీకేసిన చోట ఎడంపక్క జానెడు ఖాళీ మిగిలిపోయింది. అక్షరాలన్నీ కుడివైపుకి వాలినట్టుంటాయి.

బుధవారం నుంచి ఫ్యాను గాలి హైమావతికి తగలదు. వీర్రాజుకి ఆకలి మొదలవుతుంది. గోంగూర పచ్చడి మూడోసారి వేయించుకుంటాడు. లేచి నడిస్తే పట్టా మీద మట్టి అడుగులు పడతాయి, ఆయన వాటిని వెనక్కి తిరిగి మురిపెంగా చూసుకుంటాడు. భీమశంకరం కాఫీ తనే కలుపుకుంటాడు. దేవుడి గది ఎంత దూరం జరిగిందంటే, దీపం పెట్టి రావడానికి ఆయన టిఫిను కట్టుకుని బయల్దేరతాడు.

తిరిగొచ్చి, పడగ్గదిలో ఉన్న హైమావతి ఫొటో తెచ్చి హాల్లో తగిలిస్తాడు. గుమ్మానికున్న ఊలు పూల దండ విప్పి దానికి వేస్తాడు. దండ కొలిచి చేసినట్టు సరిపోతుంది.

"అది గుమ్మానికండీ," అంటుంది హైమావతి ఆయన వెనకే నిలబడి.

ఆయన వినడు. ఉత్తరీయంతో అద్దం తుడుస్తూ వీర్రాజుతో అంటాడు. "ఇదీ హైమ అల్లిందేనండీ. ఒక్కో పువ్వుకీ తొమ్మిది రేకులు. ఎంత ఓపికో."

తొమ్మిది రేకులని ఆయన లెక్కపెట్టాడు. ఇంతకాలం ఎదురుగా కూర్చుని అల్లుతుంటే ఒక్కసారి తలెత్తి చూడని మనిషి. హైమావతికి ఏడుపొస్తుంది. గోడకి చేరబడి బాగా ఏడుస్తుంది. ఏడుస్తూనే ఫొటో అరంగుళం పక్కకి ఒరిగి ఉందని చూస్తుంది, మొగుడి చేతకానితనం మీద ఒళ్ళు మండుతుంది, కన్నీళ్ళు ఆగిపోతాయి.

గురువారం ఉదయం వీర్రాజు గొడుగు తీసుకుని సెలవు అడుగుతాడు. ఇప్పుడామె మాట వినేది ఆయనొక్కడే.

"ఎళ్ళొస్తానమ్మా. మళ్ళీ బతికినట్టే ఉందండి. మా గొల్లప్రోలు బస్సు ఎక్కేత్తాను. మా బస్టాపులో బెంచీ తీసేసిన కాణ్ణించి జనం నిలబడే ఉన్నారంట పాపం." గుమ్మం దాకా వెళ్ళి ఆగుతాడు. "ఉప్పు కాయితం ముక్క స్టూలు మీద ఎట్టేనండి. రంగింకా పచ్చిగానే ఉంది. ఇయ్యాళ పొద్దుగూకే లోపల మీ పేరు గీకేసుకున్నారంటే మామూలు మనిషైపోతారు. ఆ తరవాత ఇంక దిగదండి."

"సత్యవాణి చూసి వెళ్ళాక గీకుతాను," అంటుంది హైమావతి. ఉప్పు కాగితం నడుం దగ్గర దోపుకుంటుంది.

సత్యవాణి పదకొండింటికి వస్తుంది, మీగడ రంగు వెంకటగిరి చీరలో, గంజి ఫెళఫెళలాడుతూ. అన్నగారు చూపిస్తుంటే హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడవడానికి ఆమెకి అరగంట పడుతుంది. హైమావతి పక్కనే నడుస్తుంది. సత్యవాణి కుషన్లు ముట్టుకుంటుంది, పురికొస సీసాలు ఎత్తి చూస్తుంది, ఫొటో ముందు నిలబడి కళ్ళొత్తుకుంటుంది.

"వదిన చెయ్యి పడితే ఏదైనా కళకళలాడిపోయేది అన్నయ్యా. హైమావతి గారి ఇల్లని మా వైపు గొప్పగా చెప్పుకునేవాళ్ళం."

పచ్చి అబద్ధం. దండ వేసిన ఫొటో ముందు ఎవరైనా ఇదే అంటారు. హైమావతి తనే నలుగురి ఫొటోల ముందు అంది, ఆ నలుగురిలో ఒక్కరి మొహం కూడా ఆమెకి పడేది కాదు. ఇదంతా తెలిసి కూడా ఆ మాట తేనెలా గొంతు దిగుతుంది. దీనికి పన్నెండేళ్ళు పట్టింది.

ఆమె ఉప్పు కాగితం తీసి తన పేరు మొదటి అక్షరం మీద ఆనిస్తుంది. గీకితే బతుకుతుంది. బతికితే సత్యవాణికి కనిపిస్తుంది. కనిపించిన మరుక్షణం సత్యవాణి ఏమంటుందో హైమావతికి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఎదురుగా ఇంత పొడుగు వెయిటింగ్ రూము ఉండనే ఉంది. చెయ్యి కదలదు.

సత్యవాణి రెండడుగులు వెనక్కి వేసి, తల ఓరగా వంచి బెంచీని చూస్తుంది.

"అంతా బావుంది. ఎడంపక్కే కాస్త బోసిగా ఉంది. వదిన ఉంటే అలా వదిలిపెట్టేది కాదు."

"వదిలిపెట్టేది కాదు," అంటాడు భీమశంకరం.

నిజమే, వదిలిపెట్టేది కాదు. జీవితంలో మొదటిసారి సత్యవాణి మాట నిజమైనందుకు హైమావతికి అన్నిటికన్నా ఎక్కువ అవమానంగా ఉంటుంది. ఉప్పు కాగితం కింద పడేస్తుంది. రంగు డబ్బా మూత తీసి, ఎక్స్‌రే సాయం కూడా లేకుండా, ఆ జానెడు ఖాళీలో ఉత్త చేత్తో "కీ.శే." అని రాస్తుంది. చుక్కలు రెండూ సమానంగా పడతాయి. వెనక్కి జరిగి చూసుకుంటుంది. ఇప్పుడు అక్షరాలు సరిగ్గా మధ్యకొచ్చాయి.

నడిచి నడిచి కాళ్ళు లాగుతున్న సత్యవాణి బెంచీ మీద కూలబడి వెనక్కి వాలుతుంది. కాసేపటికి లేస్తుంది. బెంచీ వీపు శుభ్రంగా ఉంటుంది, దాని మీద ఏనాడూ ఏమీ రాయనట్టు. అక్షరాలన్నీ సత్యవాణి వీపు మీదికి వచ్చేస్తాయి, తిరగబడకుండా, ఒక్క ఒత్తు చెదరకుండా. హాలు ఊపిరి వదిలినట్టు పాత కొలతకి వచ్చేస్తుంది. దేవుడి గది తలుపు భీమశంకరం భుజానికి తగులుతుంది. చెల్లెలి చీర వెనక చూసి, ఈమధ్య ఇలాంటి డిజైన్లు వస్తున్నాయి కాబోలు అనుకుంటాడు.

సత్యవాణి మెట్లు దిగి రోడ్డెక్కుతుంది. పేరు ఎటు వెళ్తే హైమావతి అటు వెళ్ళాలి కాబట్టి ఆమె కూడా దిగుతుంది. పాత బస్టాపు ఉన్న చోట పదకొండుమంది నిలబడి ఉంటారు. అందరికన్నా ముందున్న ముసలావిడ సత్యవాణి వీపు మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది.

"ఎవరో మారాజు తల్లి," అని ఆ వీపు మీద కూర్చోబోతుంది.

సత్యవాణి సరైన ఎత్తుకి మోకాళ్ళు మడుస్తుంది, అరచేతులు నేలకి ఆనిస్తుంది. "నెమ్మదిగా కూర్చోండమ్మా, గంజి చీర," అని మాత్రం అంటుంది. రెండోవాళ్ళు కూర్చుంటారు, మూడోవాళ్ళు కూర్చుంటారు. ఒక్కొక్కరికీ చోటిస్తూ సత్యవాణి పొడుగవుతుంది. పదకొండుమందీ కూర్చున్నాక చివర్న వీర్రాజు గొడుగు మడిచి కూర్చుని, పక్కకి జరుగుతాడు.

"రండి హైమావతి గారూ. మీ పేరుదే కదండి, కూకోండి."

ఎదురుగా చూస్తూ ఆమెని గారూ అన్న మొదటి మనిషి ఆయనే. హైమావతి కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంటుంది. రోడ్డు చివర బస్సు జాడ లేదు. వీర్రాజు మంచినీళ్ళ సీసా తీసి ముందు ఆమెకి ఇస్తాడు, ఆమె తాగుతుంది.

కాసేపయ్యాక, అలవాటు కొద్దీ, వేలి కణుపుతో కింద ఒకసారి తట్టి చెవి పెట్టి వింటుంది. బోలు చప్పుడు.

"టేకు కాదు," అంటుంది వీర్రాజుతో.