కింద కదలని రేటు

ద్వారకా నగర్‌లో మా ఆఫీసు. మా టీమ్ లీడ్ సాయిశంకర్ గారి విజిటింగ్ కార్డు మీద ‘ఫ్రంట్ ఎండ్ ఆర్కిటెక్ట్’ అని ఉంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆయన కట్టిన చేపల వేలం యాప్‌లో రేటు ఒక్కచోట ఉండదు. స్క్రీన్ మీద పైన హోటళ్లవాళ్ల పాట చూపించే కాంపోనెంట్‌కి, అంటే ఆ ముక్కకి, ఒక కాపీ, కింద పడవవాళ్లకి దక్కే రేటు చూపించేదానికి ఇంకో కాపీ; పడవవాళ్ల ఫోన్లలో కనబడేది ఆ కిందది ఒక్కటే. పైన రేటు మారితే కిందదానికి కబురందదు.

నేనక్కడ ట్రైనీని. డెమో బాగా జరిగితే పర్మినెంట్ చేస్తామన్నారు. వన్ టౌన్‌లో మా నాన్న, అదే మా అబ్బా, చుట్టాలందరికీ అప్పుడే చెప్పేసుకున్నాడు. అందుకే భయపడుతూనే నోరు విప్పాను.

“రేటు ఒక్కచోటే ఉంచి, అన్ని కాంపోనెంట్లూ అక్కణ్నుంచే తీసుకునేటట్టు రాత్తే బాగుంటాది సార్. నాను రాసి ఉంచాను, సూత్తారా?”

“నిన్నగాక మొన్నొచ్చి నాకు సెప్తన్నావేటి మహీన్? ఎవుడి కాపీ ఆడికుంటేనే స్పీడు.”

స్పీడట! తప్పు రేటు ఎంత తొందరగా చూపిస్తే అంత గొప్ప కాబోలు.

డెమోకి కృష్ణంరాజు గారొచ్చారు. చేపల కమిషన్ వ్యాపారి, యాప్ ఆయన కోసమే. వంజరం చేప పాట మొదలైంది. పైన కిలో ఆరొందలు కాస్తా ఎనిమిదొందలయింది. కింద ఆరొందలు ఆరొందలే.

“ఇదేటండీ?” అన్నారాయన.

సాయిశంకర్ గారు ముందు నెట్‌ని తిట్టారు. ఆడలేక మద్దెల ఓడు. అది అతికేలా లేదని తెలిసి, సిగ్గన్నది లేకుండా ప్లేటు ఫిరాయించారు. “కావాలనే పెట్టాం సార్. హోటల్ రేటు వేరు, పడవ రేటు వేరు.”

కృష్ణంరాజు గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. “అంటే పైనెంత పెరిగినా పడవోళ్లకి ఆరొందలే సూపిత్తాదా?”

“అంతే సార్!”

నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం సంగతి గుర్తుంది, అయినా ఊరుకోలేకపోయాను.

“కాదండీ, అది తప్పు. మా సార్‌కి రేటు ఒక్కచోట ఉంచడం రాక వచ్చిన తప్పు. నాను దిద్దేసాను. ఇప్పుడే పెట్టేత్తాను, పైనా కిందా ఒకటే రేటు వత్తాది.”

సాయిశంకర్ గారి మొహం కందగడ్డ అయింది. కృష్ణంరాజు గారు మాత్రం నన్ను ఎంతో ఆప్యాయంగా చూశారు.

“తప్పేనా తల్లీ? ఎవులు సేసినా బాగా సేసేరు. నాకు ఆ తప్పే కావాల. దిద్దకండి.”

మా లీడ్‌కి ప్రాణం లేచొచ్చింది. “మహీనే సూసుకుంటాది సార్. ఈ రోజే పర్మినెంట్ సేసేత్తన్నాం.”

అబ్బా గుర్తొచ్చి ఏడుపొచ్చింది. “నానైతే సెయ్యను సార్” అని, కంపెనీ ల్యాప్‌టాప్ బల్లమీదే వదిలేసి బయటికొచ్చేశాను.

ఆపే దిక్కు లేక యాప్ ఆ మరుసటి వారమే మొదలైంది. పడవవాళ్ల ఫోన్లలో రేటు ఇప్పటికీ కదలడం లేదు.