కెమెరాకు కనపడని చోటు

బోయిన్‌పల్లి మార్కెట్‌కు ముందు ఒక చౌరస్తా ఉంది. మేడ్చల్ నుంచి వచ్చే పెద్దరోడ్డు నేరుగా పోతుంది. మా ఊళ్ళ నుంచి వచ్చే చిన్నరోడ్డు అక్కడ దానిలో కలుస్తుంది. తెల్లవారకముందు ఆ చిన్నరోడ్డు మీద ఉండేవి మా బండ్లే. ట్రాలీ ఆటోలు, వాటి నిండా ఆకుకూరలు, కూరల మీద తడి గోనెలు.

ఇదివరకు అక్కడ ఒక పోలీసాయన నిలబడేవాడు. మొహం ఎప్పుడూ చిరాకుగా ఉండేది. అయినా కూర వాడిపోతుందని అతనికి తెలుసు. చెయ్యి ఊపి పంపేసేవాడు. పోయిన ఎండాకాలం అతను లేకుండా పోయాడు. స్తంభానికి అడ్డంగా కడ్డీ బిగించి, దానికి కెమెరా, పక్కన ఒక తెల్లడబ్బా పెట్టారు. ఇకనుంచి ఈ చుట్టుపక్కల సిగ్నళ్ళన్నిటినీ ఒకే ఆఫీసులో కూర్చుని నడుపుతారని బోర్డు కూడా పెట్టారు.

అప్పటినుంచి మాకు పచ్చ పడటం లేదు. పెద్దరోడ్డుకు పడుతుంది. ఖాళీ లారీ వచ్చినా పడుతుంది, ఏదీ రాకపోయినా వెలుగుతూనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి, మొహమాటానికన్నట్టు, మాకు వెలుగుతుంది. మేము ఆగేచోటి నుంచి చౌరస్తా దూరం. బండి కదిలి అక్కడికి పోయేసరికి మళ్ళీ ఎర్ర. ముందున్న ఒకటో రెండో దాటితే దాటినట్టు.

అంత దూరాన ఆగడానికి కారణం రాములు. నా కూర తెచ్చేది అతని ఆటోలోనే. నన్ను మామా అంటాడు, చుట్టరికం ఏమీ లేదు. సిగ్నల్ కొత్తలో అతని ముందుచక్రం తెల్లగీత దాటిందని ఫోనుకు ఫోటోతో సహా చలానా వచ్చింది. ఆ గీత అరిగిపోయి ఎవరికీ కనపడదు. వారం తిరగకుండా ఇంకొకటి వచ్చింది. అప్పుడు రాములు బండి దిగి, కెమెరాను అన్ని పక్కల నుంచీ చూసి, బంగారం కొట్టు హోర్డింగ్ దగ్గర ఒక చోటు కనిపెట్టాడు.

"గీడికి దాని కన్ను రాదు మామా," అన్నాడు.

ఆ రోజు నుంచి ఎవరూ హోర్డింగ్ దాటి ముందుకు పోలేదు. మా వెనక ఒకరు, వాళ్ళ వెనక ఒకరు. హోర్డింగ్ నుంచి చౌరస్తా దాకా రోడ్డంతా ఖాళీ. అక్కడ కుక్కలు పడుకుంటాయి.

మార్కెట్లో మా ఏజెంటు నరసరాజు. కోస్తా నుంచి వచ్చి చాలాకాలంగా ఇక్కడే వ్యాపారం చేస్తున్నాడు. ఆయన షెడ్డులో, ఎండ పడని పక్కన, నా గంపలకొక చోటుంది. అది ఉంటేనే నా అర ఎకరం కొత్తిమీర ఎవరైనా కొంటారు. బయట ఎండలో పెడితే పొద్దెక్కకముందే తల వాల్చేస్తుంది.

"ఏవయ్యా, పెళ్ళికొచ్చినట్టు తీరుబడిగా వస్తున్నావు?" అన్నాడు నరసరాజు ఆ సోమవారం. వేలం సగం అయిపోయింది.

"సిగ్నల్ పడలేదు."

"అందరికీ ఉంది సిగ్నల్. కొనేవాళ్ళు పోయాక తెస్తే నేనేం చేసుకోను, పప్పులో వేసుకోనా? శనివారం దాకా చూస్తాను. ఆ రోజు కూడా వేలం మొదలయ్యాక వస్తే ఈ చోటు వేరేవాళ్ళకిచ్చేస్తాను. అడిగేవాళ్ళు ఉన్నారు."

అడిగేవాళ్ళెవరో నాకు తెలుసు. పెద్దరోడ్డు మీద వచ్చేవాళ్ళు. వాళ్ళకు రోజూ పచ్చే. నరసరాజు వాళ్ళతో నవ్వుతూ మాట్లాడటం చూశాను.

తిరిగి వస్తుంటే రాములుకు చెప్పాను.

"నేను ముందుగాలనే అన్నగదా. సిగ్నల్ అమ్ముడుపోయింది మామా. గీ రాజుగారు, ఆ ఆఫీసోళ్ళు, అంత ఒకటే."

నా అనుమానం ఇంకో వైపు ఉంది. రెండు రోజుల కింద రాములు ఇంకో ఏజెంటు గుమస్తాతో చాయ్ తాగుతూ, చెవిలో నోరు పెట్టి మాట్లాడటం చూశాను. నా చోటు పోతే నా కూర ఆ ఏజెంటు దగ్గరికే పోవాలి. ఇక చాటుచోటు కనిపెట్టింది కూడా రాములే.

బుధవారం మేము పోయేసరికి, కుక్కలు పడుకునే ఆ ఖాళీలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెరిసే జాకెట్టు, చేతిలో పలక లాంటి పెద్ద ఫోను. రాములు వెంటనే లైటు ఆర్పేశాడు.

"చూసినవా? స్తంభం మీదికెళ్ళి కనపడకుంటే చేతిల వట్టుకొని ఫోటోలు దించుతున్నరు."

ఆమె మా దగ్గరికే వచ్చింది. "అన్నా, మీరంతా ఇక్కడెందుకు ఆగారు? ముందంతా ఖాళీ ఉంది కదా?"

"ఊకెనే," అన్నాడు రాములు.

"ఊకెనే అంటే?"

"గాలి మంచిగ వస్తది."

వెనక బండిలోంచి మార్త కిసుక్కున నవ్వింది. మార్త మా పక్క ఊరామె. గోంగూర, చుక్కకూర వేస్తుంది, తన ఆటో తనే తోలుకొస్తుంది. బండి దిగి వచ్చి ఆ అమ్మాయి మెడలోని సిగ్నల్ ఆఫీసు కార్డు చదివింది.

"జెరూషానా? మనోళ్ళే. ఏ చర్చి బిడ్డా?"

"నేరేడ్‌మెట్ ఆంటీ."

"అయిపాయె, వీళ్ళకు వీళ్ళకు కలిసింది," అన్నాడు రాములు నాకు మాత్రమే వినపడేట్టు.

జెరూషా తన చేతిలోది మాకు తిప్పి చూపించింది. "ఇది మీ రోడ్డే, ఇప్పుడే, లైవ్. చూడండి."

చూశాను. రోడ్డుంది. కుక్కలున్నాయి. ఒక అంచున కొంచెం వెలుగు పడుతోంది, అది మార్త బండి లైటు. మేమెవరం లేము. ఇన్ని బండ్లు, ఇంతమంది మనుషులం, అందులో లేము.

"ఆ డబ్బా ఈ బొమ్మ చూసే పచ్చ ఇస్తుంది," అంది జెరూషా. "బండ్లు కనపడితే ఇస్తుంది. కనపడకపోతే ఆ టైమ్ పెద్దరోడ్డుకి పోతుంది. మేడ్చల్ నుంచి ప్యారడైజ్ దాకా సిగ్నళ్ళన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి ఆంటీ."

"అవి అవి మాట్లాడుకుంటయ్. మాతోని మాట్లాడనీకె తక్లీఫ్," అంది మార్త.

"అందుకే వచ్చాను. వచ్చే వారం కొత్త ప్లాన్ ఫైనల్ చేస్తున్నారు. తెల్లవారుజామున ఈ రోడ్డు మీద బండ్లే లేవని రికార్డ్ ఉంది. ఇట్లనే ఉంటే ఇప్పుడొచ్చే కాస్త పచ్చ కూడా తీసేస్తారు."

"మేమున్నం గదా. నువ్వు చూస్తున్నవ్ గదా. పోయి చెప్పు," అన్నాడు రాములు.

"నేను చూస్తే చాలదు అన్నా. కెమెరా చూడాలి."

"అంటే మమ్ముల గీత కాడికి రమ్మంటవ్. ఫోటో దించుతవ్."

"గీత దాటితేనే చలానా. వెనక ఆగితే రాదు."

"గీత ఏది?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. చౌరస్తా దాకా నడిచిపోయి బూటుతో మట్టి రుద్దింది. ఇంకోచోట రుద్దింది. తిరిగి మా దగ్గరికి వచ్చింది.

"నిజమే. గీత మళ్ళీ వేయమని రాస్తాను. కాకపోతే అది మా డిపార్ట్‌మెంట్ కాదు. చలానా కూడా మాది కాదు. మాది సిగ్నల్ ఒక్కటే."

"కెమెరా?"

"కెమెరా అందరికీ ఒకటే."

"అగో," అన్నాడు రాములు.

ఆమె వెళ్ళిపోయాక అందరూ ఒకేసారి మాట్లాడారు. రాజుగారే పంపాడని రాములు అన్నాడు. జాగా కొలిచి రోడ్డు పక్కన మనల్ని నిలబడనీకుండా చేస్తారని ఇంకెవరో అన్నారు. చర్చికి పోయే పిల్ల అబద్ధం చెప్పదని మార్త అంది. "చర్చికి పోయేటోళ్ళంత ఆదివారం పూట మంచోళ్ళే," అన్నాడు రాములు. గురువారం, శుక్రవారం హోర్డింగ్ దగ్గరే ఆగాము. రెండు రోజులూ వేలం అయిపోయాకే చేరాము. శుక్రవారం నరసరాజు నన్ను తిట్టలేదు. తిట్టకపోవడం నాకు నచ్చలేదు.

శనివారం మేమే ముందు ఉన్నాము. పెద్దరోడ్డు మీద ఒక ఖాళీ లారీ పోయింది. దాని వెనక ఏమీ లేదు. అయినా వాళ్ళకే పచ్చ. జెరూషా చౌరస్తా అవతల డివైడర్ మీద కూర్చుని ఉంది.

నేను బండి దిగాను.

"ముందుకు తీసుకపో రాములూ."

"ఏందీ?"

"గీత కాడికి."

"నీకేం మామా, నీ జాగా నువ్వు చూసుకుంటున్నవ్. ఇంకో రెండు పడితే నా బండి గుంజుకపోతరు. పిల్లలకు ఏం పెట్టాలె?"

"ఆ గుమస్తాతోని ఏం మాట్లాడినవ్?" అన్నాను.

రాములు నా మొహం చూశాడు. "గిదా నీ కడుపులున్నది? వాని బామ్మర్ది పోలీస్ ఠాణాల చేస్తడు. చలాన్లు కొట్టేపియ్యనీకె అయితదా అని అడిగిన. కాదన్నడు." ఫోను తీసి నా ముందు పెట్టాడు. "ఇంకో చలానా వచ్చిందా అని పొద్దుగాల లేస్తే చూస్త, పండేటప్పుడు చూస్త. నువ్వేమో నా మీదనే..."

నాకు సిగ్గేసింది. సిగ్గేసినా చోటు చోటే. బండి వెనక్కి పోయి, నా కొత్తిమీర మీద ఉన్న తడిగోనె లాగాను. తెచ్చి అతని బండి ముందున్న నంబరు పలక మీద కప్పి, తాడుతో కట్టాను.

"ఇప్పుడు పోతవా?"

రాములు దిగి చూశాడు. గోనెను ఇంకొంచెం కిందికి గుంజాడు.

"పెండ్లిపిల్లకు ముసుగేసినట్టున్నది," అంది మార్త, ముందుకొచ్చి చూసి. "నా బండికి నాకేం సిగ్గు లేదు. నడువుండ్రి."

కదిలాము. కుక్కలు లేచి పక్కకు పోయాయి. జెరూషా బూటుతో రుద్దినచోట గీత ముక్క ఒకటి కనపడింది. రాములు దానికి చాలా వెనకనే ఆపాడు. మార్త బండి మా పక్కకొచ్చి ఆగింది. మిగతావాళ్ళు హోర్డింగ్ దగ్గరే ఉండి మమ్మల్ని చూస్తున్నారు. మాకేమవుతుందో చూసి రావాలని వాళ్ళ ఆలోచన.

కెమెరా మా నెత్తి మీదే ఉంది. ఎర్ర మారలేదు. జెరూషా లేచి నిలబడింది. ఎర్ర మారలేదు.

"చూసినవా మామా. ఉత్తగ దొర్కవట్టించినవ్," అన్నాడు రాములు.

పచ్చ పడింది.

రాములు కదల్లేదు. నమ్మలేదో, చూడలేదో. మార్త హారన్ కొట్టింది. అప్పుడు పోనిచ్చాడు. వెనక హోర్డింగ్ దగ్గరనుంచి బండ్లన్నీ ఒక్కసారి దూకినట్టు వచ్చాయి. పచ్చ అలాగే ఉంది. అవి వస్తున్నంతసేపూ ఉంది. చౌరస్తా దాటుతుంటే జెరూషా చేతిలోది పైకెత్తి మా వైపు పట్టుకుంది.

"దించింది! మామా, ఫోటో దించింది పిల్ల!"

నేను పక్కకు వంగి బండి ముందువైపు చూశాను. తడిగోనె బరువుకు తాడు జారింది. గోనె ఒక పక్కకు వేలాడుతోంది. నంబరు మొత్తం బయటపడింది. ఆ సంగతి రాములుకు చెప్పలేదు.

మేము చేరేసరికి షెడ్డులో దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. కొనేవాళ్ళు అప్పుడే వస్తున్నారు. నా చోట్లో నా గంపలు దించాను. నరసరాజు చాయ్ గ్లాసుతో వచ్చి నన్ను చూసి ఆగాడు. కొత్తిమీర కట్ట ఒకటి తీసి, తడి చూసి, మళ్ళీ పెట్టాడు.

"ఇవాళెలా కుదిరిందయ్యా?"

"పచ్చ పడింది."

"ఇన్నాళ్ళు పడంది ఇవాళెందుకు పడింది?"

"మేం కనపడ్డాం," అన్నాను.

"ఎవరికి కనపడ్డారు?" గొంతు తగ్గించాడు. "నా దగ్గర దాస్తావేం. ఎవరిని పట్టుకున్నారు? ఆ మనిషెవరో నాకూ చెప్పు, మా లారీలకి పనికొస్తాడు."

ఎవరినీ పట్టుకోలేదన్నాను. ఆయన నవ్వాడు, నమ్మలేదు. చోటు మాత్రం నాదేనన్నాడు. సోమవారం కూడా ఇదే వేళకి వస్తే చూద్దామని, గ్లాసు పక్కనబెట్టి వేలం మొదలుపెట్టాడు. మొదటి గంప నాదే.

షెడ్డు స్తంభానికి ఆనుకుని రాములు ఫోను చూసుకుంటున్నాడు. నేను అటు చూడగానే, చలానా ఇంకా రాలేదని చెయ్యి తిప్పాడు.