ఒంటిగంట గడి

శ్యాంబాబుకి అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. భార్య హెలెన్ క్యారేజీ కడతానంటే వద్దంటాడు, మూత తీసేసరికి అన్నం చెమర్చిపోయి ఉంటుందట. అందుకని హైవే పక్కన టెంటు కింద కూర్చుని బళ్ళ లెక్క రాసుకునే మనిషి, సరిగ్గా పన్నెండున్నరకి మోటారుసైకిలెక్కి ఇంటికొచ్చేస్తాడు. వేడన్నం, పప్పుచారు, ఏదో ఒక వేపుడు, తిన్నాక గంట కునుకు. రెండున్నరకి టీ తాగి మళ్ళీ వెళ్తాడు. మగాడు ఎండనపడి వస్తే ఆ మాత్రం చూసుకోవాలమ్మా అని అత్తగారు సంపూర్ణమ్మ పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. ఈ వారమంతా హెలెన్ బతుకు ఆ పన్నెండున్నర చుట్టూనే తిరిగింది.

పెరవలి దాటాక వాళ్ళ పేట పక్కనుంచే వెళ్ళే రోడ్డు నాలుగు వరసలవుతోంది. మధ్యలో డివైడర్ లేస్తుంది. దానికి ఎక్కడ సందు వదలాలి, ఎక్కడ అండర్‌పాస్ వెయ్యాలి, సర్వీసు రోడ్డు ఎక్కడ కలపాలి అన్నది ఈ లెక్కని బట్టే తేలుతుంది. లెక్క తీసేది కన్సల్టెన్సీలో సర్వేయరు శ్యాంబాబు. సాయంత్రం అతను కాగితాలు తెచ్చి బల్ల మీద పడేస్తే టోటల్ వేసేదీ, సాపు రాసేదీ, జంక్షన్ బొమ్మ గీసేదీ హెలెన్. కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పెళ్ళికి ముందు రెండేళ్ళు డ్రాయింగు ఆఫీసులో ఉద్యోగం కూడా వెలగబెట్టింది. ఇద్దరూ పొద్దున్నే పోతే ఇల్లెవరు చూస్తారన్నాడు, మానేసింది. ఇప్పుడు అదే పని వంటింటి పక్క గదిలో చేస్తోంది. బొమ్మ కింద గీసినవారి గడిలో మాత్రం శ్యాంబాబు పేరు. మొన్న చర్చిలో ఎవరో అడిగితే, "మా ఆవిడ ఖాళీగానే ఉంటుందండి" అన్నాడు నవ్వుతూ. హెలెన్‌కి ఒళ్ళు మండిపోయింది. మండితే మాత్రం ఏం చేసింది, ఇంటికొచ్చి కూర తాలింపు పెట్టింది.

శుక్రవారం సాయంత్రం ఆరు రోజుల కాగితాలూ ముందేసుకుని కూర్చుంది. కార్లు, బస్సులు, లారీలు, ట్రాక్టర్లు, సైకిళ్ళు, ఎడ్లబళ్ళు, గడులన్నీ గీతలతో నిండిపోయి ఉన్నాయి. నడిచి రోడ్డు దాటినవాళ్ళ ఫారంలో మాత్రం రోజుకి పదకొండు, తొమ్మిది, పదమూడు. ఒంటిగంట గడిలో ఆరు రోజులూ సున్నా. గుమ్మంలో గోరుచిక్కుడు ఈనెలు తీస్తున్న సంపూర్ణమ్మకి ఆ అంకె చదివి వినిపించింది. మోకాళ్ళు పోయేదాకా పాతికేళ్ళు రోడ్డు అవతలి చేలల్లో ఊడ్పులు ఊడ్చిన మనిషి ఆవిడ.

"పదకొండు మందేంటమ్మా? మా ఒక్క జట్టే ముప్పై మంది. ఏడింటికల్లా మడిలో దిగిపోతాం, ఒంటిగంటకి గట్టెక్కుతాం. వాడు చూసుండడు."

హెలెన్ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. చూసుండడు. పొద్దున్న అతను టెంటుకి చేరేసరికి ఎనిమిదిన్నర. ఒంటిగంటకి ఇక్కడ పీట మీద కూర్చుని, తను వండిన అన్నం, తను వడ్డిస్తుంటే, ఇంకాస్త నెయ్యి వెయ్యమంటూ తింటున్నాడు. ఆ గంటలో బళ్ళ గీతలు కూడా అందాజుకి గీసినవే అన్నమాట. ఆరు రోజులూ ఆ సున్నా పక్కన తనే శ్రద్ధగా టోటల్ వేసింది. ఛీ, తన చదువు తగలెయ్య!

శ్యాంబాబు రాగానే చెప్పింది. ఎండలో ఎవరు దాటతారన్నాడు. ఊడ్పుల కూలీలని చెబితే, వాళ్ళెంతమందని విసుక్కున్నాడు. కిలోమీటరున్నర అవతల రైసుమిల్లు దగ్గర లారీలు తిరుగుతాయి కాబట్టి సందు అక్కడొస్తుందట, వీళ్ళు అక్కడిదాకా నడిచి తిరిగి రావచ్చట. పిల్లల్ని చంకనేసుకుని, పోను మూడు, రాను మూడు, రోజూ ఆరు కిలోమీటర్లు ఎక్కువ! అంత దూరం ఎవరు నడుస్తారు? డివైడరెక్కి దూకుతారు, లారీ కింద పడతారు. ఆ మాటే అంది హెలెన్.

"లెక్క తీసింది నేను. నువ్వు టోటల్ వెయ్యి, చాలు. రేపు సాయంత్రానికి తణుకులో అనంతకృష్ణగారికి అందాలి" అని టీవీ పెట్టుకున్నాడు. అనంతకృష్ణగారంటే అతని పై ఇంజనీరు.

శనివారం ఆరున్నరకే హెలెన్ ఖాళీ ఫారం ఒకటి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. పనిలోకి వెళ్ళేవాళ్ళు నూట డెబ్భై రెండు మంది. ఇంటికొచ్చి అతనికి టిఫిను పెట్టి పంపింది. పన్నెండైంది, పొయ్యి వెలిగించలేదు. కాళ్ళకి చెప్పులు తొడుక్కుంటుంటే సంపూర్ణమ్మ వంటింట్లోకి తొంగి చూసింది, కోడలి వంక చూసింది. తన పాత గొడుగు తీసిచ్చింది.

టెంటు కింద కుర్చీ ఖాళీగా ఉంది. హెలెన్ అందులో కూర్చుంది. ఒంటిగంటకి గట్ల మీంచి జట్లు జట్లుగా ఎక్కి వచ్చారు, మోకాళ్ళదాకా బురద, చేతుల్లో సత్తు గిన్నెలు. రోడ్డు అంచున ఒకళ్ళ చెయ్యొకళ్ళు పట్టుకుని, లారీ పోయేదాకా ఆగి, ఒక్కసారిగా పరుగెత్తుతున్నారు. హెలెన్ నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు గీస్తోంది. మోటారుసైకిలు చప్పుడు పక్కకొచ్చి ఆగింది.

"అన్నమేదీ?" అన్నాడు శ్యాంబాబు.

"ఉండండి, దాటుతున్నారు."

అంతమంది ఆడవాళ్ళు తన కళ్ళ ముందు నుంచే వెళ్ళడం చూస్తూ అతను నిలబడ్డాడు. అందరూ దాటాక గొంతు తగ్గించాడు. "ఇప్పుడు లెక్క మారిస్తే ఆఫీసులో నా పరువేం కావాలి హెలెన్?"

"మీది మార్చక్కర్లేదు. మీ కాగితం మీరు ఇవ్వండి, నాది నేనిస్తాను."

"నీ కాగితం ఎవరు తీసుకుంటారు?"

తీసుకోరేమో. పది గుమ్మాలు తిప్పుతారేమో. ఆ భయం హెలెన్‌కీ ఉంది. అయినా ఒంటిగంట గడిలో నూట అరవై తొమ్మిది అని వేసింది. కింద లెక్క తీసినవారి గడిలో, పెళ్ళైన ఆరేళ్ళలో మొదటిసారి ఒక ఆఫీసు కాగితం మీద, తన పేరు పూర్తిగా రాసింది.

తణుకు బస్సు రోడ్డు అవతల ఆగుతుంది. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది, లారీ పోయేదాకా ఆగింది, పరుగెత్తింది. అవతల గట్టున ఊపిరి తీసుకుని, ఫారం మళ్ళీ విప్పి, నూట అరవై తొమ్మిది కొట్టేసి నూట డెబ్భై చేసింది.